సినిమా చూసి ఎస్సై ఇంటికి పోయాను

హిందూపురంలో మా బావమరిది కొత్త ఇంట్లో చేరాడని పోయిన ఏడాది నేనూ నా భార్యా వెళ్లాం. భోజనాలయ్యాక అతను మమ్మల్ని మ్యాట్నీకి తీసుకుపోయాడు. కూతుర్ని చంపినవాళ్లను ఒక రిటైరైన డిటెక్టివ్ ఇరవై ఏళ్ల తర్వాత వెతికి, ఒక్కొక్కణ్ణి చంపే కథ. అసలువాడు ఎవడో ఇంటర్వెల్‌కు ముందే మా ఆవిడ చెప్పేసింది. అరవై దాటిన మనిషి గోడలు దూకుతుంటే వెనక సీట్లవాళ్లు నవ్వారు. చంపే ముందు ప్రతివాడికీ ఒక ఉపన్యాసం. బావమరిది నిద్రపోయాడు.

నేను మాత్రం ఆ డిటెక్టివ్ బీరువానే చూస్తూ కూర్చున్నాను. తలుపు లోపలివైపు కేసు కాగితాలన్నీ అతికించుకుని ఉంటాడు. ఒక్క పేరు కూడా మర్చిపోడు.

బయట టీ తాగుతుంటే బావమరిది అన్నాడు, "మా వీధిలోనూ ఒక రిటైరైన ఎస్సై ఉండాడు బావా. ఒకప్పుడు పెనుకొండ పక్క పనిచేసినాడంట. ఇప్పుడు మోకాళ్లు పోయి గేటు దాకా కూడా రాలేడు."

పేరు అడిగాను. ఆయనే.

మా నాయన ధర్మవరంలో మగ్గం నేసేవాడు. కనగానపల్లి దగ్గర ఎవరిదో పొలం తగాదాలో జరిగిన కొట్లాట ఆయన కళ్లారా చూశాడు. కోర్టులో సాక్ష్యం చెప్పాల్సి ఉంది. వాయిదాకు రెండు రోజుల ముందు ఇంట్లోంచి పోయిన మనిషి పెనుకొండ కొండ కింద శవమై దొరికాడు. ఆ కేసు చూసింది ఈ ఎస్సైయే. ఎవరూ దొరకలేదు.

మర్నాడు పొద్దున ఎవరికీ చెప్పకుండా ఆయనింటికి పోయాను. వరండాలో కుర్చీలో కూర్చుని మోకాళ్లకు నూనె రాసుకుంటున్నాడు.

"ఏమప్పా, ఎవురు కావాల?"

"ధర్మవరం నుంచి వచ్చినా సార్. కొండ కింద మగ్గం నేసేటాయప్ప కేసు, మీరే చూసినారు."

నూనె చేత్తోనే నుదురు రుద్దుకున్నాడు. "లారీ గుద్దిన కేసా?"

"కాదు సార్. గొంతు కోసినారు."

"ఆఁ, సాక్ష్యం చెప్పాల్సినాయప్ప." నూనె గిన్నె పక్కన పెట్టాడు. "ఆ ఇంట్లో డిగ్రీ చదివే కొడుకు ఉన్న్యాడు. పొద్దున్నే ఎవురొచ్చి బండిమీద పిల్చుకోని పోయినారో వాడు చూసినాడని నా అనుమానం. మూడుతూర్లు పోయి అడిగినా. నిద్రపోతాంటి సార్ అన్న్యాడు. మూడుతూర్లూ అదే మాట."

ఆ పొద్దున నేను నిద్రపోలేదు. ఆ కొట్లాటవాళ్లతో తిరిగే మా చిన్నాయన బండి ఆపి నాయనను పిలవడం కిటికీలోంచి చూశాను. శవం ఇంటికొచ్చాక అమ్మ నన్ను వంటింట్లోకి లాగి, "నీకేం తెలీదు. నువ్వు కూడా పోతే నేనేం కావాల," అంది. అమ్మ మాట విన్నానని ఇన్నేళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. అమ్మ చెప్పకపోయినా నోరు విప్పేవాణ్ణి కాదు. పంతొమ్మిదేళ్లు నాకు. భయమేసింది.

"ఆ కొడుకును నేనే సార్," అన్నాను.

ఆయనకు కోపం రాలేదు. "ఎవురొచ్చింది?" అని మాత్రం అడిగాడు.

చెప్పాను.

"యాడుండాడు ఇప్పుడు?"

"సచ్చిపోయినాడు సార్, రెండేండ్లాయ. షుగరెక్కువై ఇంట్లోనే పోయినాడు. పాడె మోసినోళ్లలో నేనూ ఉండా."

ఆయన మళ్లీ నూనె గిన్నె అందుకున్నాడు. "అయితే ఇంగ నాకెందుకు చెప్తాండావప్పా?"

కాఫీ తాగి పొమ్మన్నాడు. తాగాను.

సాయంత్రం బస్సులో నా భార్యకు మొత్తం చెప్పాను. పదిహేనేళ్ల కాపురంలో ఎప్పుడూ చెప్పనిది. ఆమె పక్కనున్న సంచి ఒళ్లోకి లాక్కుంది.

"మన పెండ్లిలో మీ నాయన బదులు పీటల మీద కూర్చున్నది ఆ చిన్నాయనే గదా," అంది.

"అవును."

ధర్మవరం వచ్చింది. బస్సు దిగాక ఆమె చేతిలో సంచి అందుకోబోయాను. ఇవ్వలేదు.