గంగమ్మ సీసా

కంబదూరు వైపు నుంచి వచ్చిన రైతు ఒకాయన సీసాను రెండు చేతులతో తెచ్చి నీళ్ల పరీక్షల ల్యాబులో నా బల్ల మీద పెట్టాడు. కొత్త బోరులో నీళ్లు పడ్డాయట. చీనీ, అదే బత్తాయి, తోట పెట్టాలి, నర్సరీలో మొక్కలు మాట్లాడి ఉంచాడు. బోరాన్ ఎక్కువైతే చీనీ ఆకులు మాడిపోతాయి కాబట్టి అదెంతుందో మేం చెప్పాలి.

బోరులో బోరాన్ వెతకడం నా ఉద్యోగం. ఇంట్లో చెబితే ఇంకా బోరు.

"ఈ వారంలోనే నాటాల సారూ. బాగుండాయని చెప్పేయ్."

"నేను కాదన్నా, మిషన్ చెప్పాల."

మిషన్‌లో ఆర్గాన్ వాయువు వేల డిగ్రీల వేడితో కాగి వెలుగుతుంటుంది. నీటిని తుంపర చేసి అందులోకి పంపితే ఒక్కో మూలకం తనదైన వెలుగు ఇస్తుంది. వెలుగును బట్టి లెక్క. అంత వేడి పక్కన ఇన్నేళ్లు కూర్చుని నేను మాత్రం చల్లబడిపోయాను. "పనికిరావు" అనే మాట నా నోటి నుంచి ఉప్పూ కారం లేకుండా వస్తుంది.

బోరాన్ తక్కువే చూపించింది. కానీ గుర్తు కోసం ప్రతి సీసాలో మేం సమానంగా కలిపే యిట్రియం అనే మూలకం వెలుగు కూడా సగానికి పడిపోయింది. మేం కలిపిందే సరిగా కనబడకపోతే ఆయన తెచ్చింది కనబడిందని నమ్మేదెట్లా? నీళ్లలో చిక్కగా ఇంకేదో ఉండి వెలుగును తొక్కేస్తోంది. సీసా అడుగున చూస్తే పసుపు.

"ఏం కలిపినావన్నా?"

"కలిపేదేందప్పా! గంగమ్మకు పూజ చేసిన నీళ్లు. మంచివే తెచ్చినా."

"టెంకాయ నీళ్లు?"

"పూజ చేసిన బిందెలోనే పోసినాం. యాడ పొయ్యమంటావు, నీ మిషన్ మీదనా?"

మొదట పడిన నీళ్లు గంగమ్మవి. ఆమెకు చూపించినవే ఆయన మాకూ చూపించాడు. ఆమె ఒప్పుకుంది, మా మిషనే ఒప్పుకోలేదు.

కాసేపు మోటారు ఆడనిచ్చి, వచ్చే నీళ్లతోనే సీసా కడిగి, పట్టుకురమ్మన్నాను. గొణుక్కుంటూ పోయి మర్నాడు తెచ్చాడు. ఈసారి యిట్రియం కుదురుగా వెలిగింది. బోరాన్ కూడా వెలిగింది, చీనీ ఓర్చుకోలేనంత.

చెప్పాను.

"ఆ గంగమ్మ నీళ్లే బాగుండె గదప్పా," అన్నాడు.

నవ్వాల్సిన మాటో కాదో తేల్చుకోలేకపోయాను. నా ముఖం ఏ పనీ చేయలేదు.

"గుంతలు గూడా తీసినా."

రిపోర్టు కాగితం ఆయన వైపు జరిపాను.

"గొర్రెలు తాగచ్చునా?"

అంకెలన్నీ మళ్లీ చూశాను. "తాగచ్చన్నా."

ఆయన వరండాలోకి పోయి నర్సరీకి ఫోన్ చేశాడు. కిటికీలోంచి వినబడుతూనే ఉంది.

"మొక్కలు బండికెత్తద్దప్పా... నీళ్లా? పడినాయిలే. గొర్రెలకు."