మగ్గం అక్కకు వచ్చిన ఫోన్లు

షాద్‌నగర్‌లో మా ఆఫీసు కింద పెళ్లి జాకెట్ల మీద మగ్గం వర్క్ చేసే అక్క ఉండేది. ఫోన్ మోగితే సూది పక్కన పెట్టి "చెప్పు బిడ్డా" అనేది. అవతల ఎవరైనా సరే, తొందరగా పెట్టేసేది కాదు.

నెట్‌లో ఆమె ప్రకటన పెట్టింది నేనే. "మగ్గం వర్క్ జాకెట్" అని వెతికేవాళ్లకు అది కనిపించాలని, మొదట బ్రాడ్ మ్యాచ్ అనే పద్ధతి ఎంచుకున్నాను. దాంతో మగ్గం గురించి ఎవరేం వెతికినా ఆమె నంబరే కనిపించింది. నేత మగ్గం బాగుచేయాలని ఒకాయన ఫోన్ చేస్తే, అక్క ఆయన ఊరి దగ్గరి వడ్రంగిని కనుక్కొని మరీ చెప్పింది. వచ్చే ఫోన్లన్నీ ఇలాంటివే. పెళ్లిళ్ల కాలం గడిచిపోతోంది, ఒక్క జాకెట్టూ రాలేదు.

కూర్చోబెట్టి వివరించాను. ఎగ్జాక్ట్ మ్యాచ్ అయితే సరిగ్గా ఆ అర్థంతో వెతికినవాళ్లకే ప్రకటన కనిపిస్తుంది. ఫ్రేజ్ మ్యాచ్ అయితే ముందో వెనకో ఇంకో మాట చేరినా కనిపిస్తుంది.

అక్క పకపకా నవ్వింది. "అంటే పెండ్లికి ఊరందర్ని పిలుసుడు, ఇంటోళ్లనే పిలుసుడు, చుట్టాలను పిలుసుడు. గంతే గదా? చుట్టాలను పిలువు తమ్మీ."

ఫ్రేజ్ మ్యాచ్ పెట్టాను. ఆ వారమే "నెమలి మగ్గం వర్క్ జాకెట్ అర్జెంటు" అని వెతికిన అమ్రాబాద్ పెళ్లికూతురు ఫోన్ చేసింది. ఇంత తక్కువ గడువులో ఎవరూ ఒప్పుకోలేదట, గొంతులో ఏడుపు.

"ఫికర్ జెయ్యకు, నేనున్న" అంది అక్క.

వీపంతా పురి విప్పిన నెమలితో జాకెట్ తొడుక్కొని, ఆ పిల్ల అద్దం ముందు నుంచి కదల్లేదు. తోడొచ్చిన అవ్వ ఆ నెమలిని వేలితో తడిమి తడిమి చూసి, కొంగు సర్దుకొని అక్క ముందు నిలబడింది.

"నాకు సుత గిట్లాంటిదే ఒకటి కుట్టు బిడ్డా."

అక్క వెంటనే టేపు అందుకుంది.