బాపు లారీకి ఎర్ర బుగ్గ

మా చిన్నప్పుడు చలికాలం పొద్దున బాపు లారీ స్టార్టయ్యేదాకా ఇంట్లో ఎవరం గట్టిగా మాట్లాడేవాళ్ళం కాదు... అమ్మ చాయ్ కూడా వడగట్టేది కాదు. గిన్నె పొయ్యి మీద, అమ్మ గడపలో, ప్రాణమంతా సందులో ఉన్న బండి మీద.

శాలిబండలో ఎత్తు మీద మా ఇల్లు. బాపుది చిన్న డీజిల్ లారీ. తెల్లారేసరికి మండికి పోయి, కూరగాయలు ఎత్తుకుని హోటళ్ళ దగ్గర దింపాలి. ఆలస్యమైతే ఆ పని ఇంకో లారీకి పోతుంది.

డీజిల్ ఇంజన్ చలికి ఊరికే అందుకోదు కదా... ముందు లోపల హీటర్ ప్లగ్గులు వేడెక్కాలి. తాళంచెవి సగం తిప్పి కాసేపు ఆగాలి. ఎంతసేపు అంటే, చెప్పేది బండిలో ఏమీ లేదు. అంతా అందాజే! ఆ అందాజుకు కావాల్సిన ఓపిక మా బాపుకు బొత్తిగా లేదు. చాయ్ చల్లారేదాకా ఆగలేక రోజూ నాలుక కాల్చుకునే మనిషి మరి. సగం వేడికే తిప్పేవాడు. బండి కాసేపు మూలిగి ఊరుకునేది. మళ్ళీ తిప్పేవాడు... చివరికి బ్యాటరీ కూడా చేతులెత్తేసేది.

ఇక మిగిలింది దిగుడు. హ్యాండ్ బ్రేక్ తీసి బండిని కిందికి దొర్లించి, వేగం రాగానే గేర్ వేస్తే ఇంజన్ అందుకునేది. కానీ ఇంజన్ నడవనప్పుడు బ్రేక్ రాయిలా బిగుసుకుపోతుంది, ఎంత తొక్కినా అంతంతే. అందుకని నేను చాలా ముందుగా ఉరికేదాన్ని, "హటో భాయ్, హటో" అని అరుచుకుంటూ. నమాజు నుంచి వచ్చేవాళ్ళు, పాల సైకిళ్ళవాళ్ళు పక్కకు జరిగేవాళ్ళు. అందరూ నా మాట వింటున్నారని గొప్పగా ఉండేది... చప్పుడు లేకుండా వెనక లారీ వస్తోందంటే ఇంకా జోరుగా ఉరికేదాన్ని.

ఒక పొద్దున మంచు బాగా పట్టింది. మా పక్కింటి రహీం చాచా మసీదు నుంచి ఎత్తెక్కి వస్తున్నాడు. షేర్వాణీలు కుట్టీ కుట్టీ ముసలాడైన దర్జీ... చెవులు దాదాపు వినపడవు. తల వంచుకుని నడిరోడ్డు మీద నడుస్తున్నాడు. నేను అరిచాను. గొంతు చీరుకుపోయేలా మళ్ళీ అరిచాను. ఆయన తల ఎత్తలేదు. లారీ నన్ను దాటిపోయింది...

కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి చాచా ఒక షాపు అరుగు పక్కన నిలబడి ఉన్నాడు. లారీ ఆయన శాలువాను రాసుకుంటూ పోయి, ఎవరో ఇల్లు కట్టడానికి పోసుకున్న ఇసుక కుప్పలో ఆగింది. బ్రేక్ తొక్కి బండిని ఇసుకలకు తిప్పిన అని బాపు అందరికీ చెప్పాడు. వాడకట్టంతా బాపు నేర్పును మెచ్చుకుంది.

అమ్మ మాత్రం మెచ్చుకోలేదు. తాళంచెవి తీసి కొంగున ముడేసుకుంది. హీటర్ వేడెక్కేదాకా వెలిగి తర్వాత ఆరిపోయే బుగ్గ ఒకటి పెట్టించుకోమని, బండ్లకు కరెంటు పని చేసే సత్తార్ భాయ్ ఎప్పటినుంచో చెబుతున్నాడట. బుగ్గంటే బల్బే... మా దగ్గర అట్లనే అనేవాళ్ళం.

"ఇరవై ఏండ్ల సంది తోల్తున్న. ఎప్పుడు తిప్పాల్నో నాకు బుగ్గ చెప్పాల్నా?" అన్నాడు బాపు.

అమ్మ గొంతు పెంచలేదు. "చెప్పాలె. లేకుంటే రేపు ఆ దిగుడు మీద నేను పండుకుంట. నా మీదికెల్లి దొర్లియ్యి."

ఆ మధ్యాహ్నమే బాపు సత్తార్ భాయ్ షాపుకు పోయాడు. తాళంచెవి నా చేతికిచ్చి కాపలాకు నన్ను పంపింది అమ్మ. సత్తార్ భాయ్ స్టీరింగ్ పక్కన చిన్న రంధ్రం చేసి, వైర్లు లాగి, ఎర్ర బుగ్గ బిగించాడు. అంతసేపూ బాపు మూతి ముడుచుకుని పాన్ డబ్బా కొట్టు దగ్గర నిలబడ్డాడు. ఇది తన బండే కాదన్నట్టు!

మర్నాడు పొద్దున రహీం చాచా నమాజు నుంచి రాగానే బాపు ఎదురెళ్ళి, చార్మినార్ దాకా దింపుతానని చెయ్యి పట్టుకుని లారీ ఎక్కించాడు. చాచాకు రోజూ చాయ్‌కి అక్కడిదాకా నడిచే అలవాటు. ఇద్దరి మధ్య నేను... బుగ్గ ఆరకముందు తిప్పనివ్వొద్దని అమ్మ మరీ మరీ చెప్పి కూర్చోబెట్టింది.

బాపు తాళం సగం తిప్పాడు. బుగ్గ వెలిగింది. వెలిగే ఉంది... ఇది ఆరదేమో అని నా భయం. ఆరినా బండి లేవకపోతే మళ్ళీ ఆ దిగుడే కదా, మళ్ళీ ఆ మంచే కదా. తాళం మీద బాపు వేళ్ళు ఒకటే కదులుతున్నాయి. నేను ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాను. చల్లగా ఉంది, వణుకుతోంది. చలికి అనుకున్నాను.

బుగ్గ ఆరింది. బాపు తిప్పాడు. ఒక్క తిప్పుకే ఇంజన్ అందుకుంది. గడపలో ఉన్న అమ్మ చాయ్ వడగట్టడానికి లోపలికి పోయింది.

బాపు బండి కదిలించలేదు. ఆ మోతలో, రోడ్డు వైపే చూస్తూ అన్నాడు... "చాచా, నిన్న బ్రేక్ పట్టలే. నేను ఆపలే. నువ్వే జరిగినవ్."

చాచాకు ఒక్క ముక్క వినపడలేదు. బుగ్గ వైపు వేలు చూపించి, మస్తు ఉందని నవ్వాడు. విన్నది నేనే. బాపు గేర్ వేశాడు. మా బాపు కూడా భయపడతాడని ఆ రోజే తెలిసింది నాకు.

ఆ లారీ ఎప్పుడో పోయింది. ఇప్పుడు ఆ దిగుడు మీద నేనే కారు నడుపుతున్నాను... బటన్ నొక్కితే చాలు, దేనికీ ఆగక్కర్లేదు. కానీ రోడ్డు మధ్యలో ఎవరైనా ముసలాయన తల వంచుకుని నడుస్తుంటే హారన్ కొట్టలేను. ఆయనకు వినపడదేమో కదా... బండి ఆపేసి, జరిగేదాకా కూర్చుంటాను. వెనక హారన్ల మోత, తిట్లు. ఇంకొకరి కోసం కాసేపు ఆగే ఓపిక మన రోడ్ల మీద ఎప్పుడు పోయిందో తెలియదు.

మీ ఇంట్లో పొద్దున్నే అందరూ ఊపిరి బిగబట్టి ఎదురుచూసింది దేనికోసం? కింద రాయండి... అన్నీ చదువుకుంటా.