నన్నెలా ఎత్తాలో నేనే చెబుతాను

సైన్యంలో నా ఆఖరి పోస్టింగు పునరావాస కేంద్రంలో పదకొండో నంబరు మంచం. మధ్యాహ్నం రెండుంపావుకు స్ట్రెచర్ మీద తెచ్చి పడుకోబెట్టారు. బయట జడివాన. అంతకు మూడు నెలల ముందు మంచుకొండల్లో మా ట్రక్కు లోయలోకి జారింది. నేను రేడియో ఆపరేటర్ని. "ముగ్గురం బతికే ఉన్నాం, ఓవర్" అని కబురు పంపింది నేనే. అప్పటికే నడుము కింద నాకేమీ తెలియడం లేదు. ఆ సంగతి రేడియోలో చెప్పలేదు.

అక్కడ మొదటి వారమంతా ఎవరేం అడిగినా "మీ ఇష్టం" అన్నాను. తెల్లవారుజామున ఐదింటికే చన్నీళ్లు పోశారు. మూడు పూటలా చప్పిడి కిచిడీ పెట్టారు. తప్పు నాదే. అడిగినప్పుడు నోరు విప్పలేదు.

పక్క మంచం హవల్దారుది మా కనిగిరి. మెడ కింద ఒక్క వేలు కదలదు. ఎనిమిదో రోజు ఆయనకు తిక్క రేగింది.

"ఏంది తమ్ముడా, మీ ఇష్టం, మీ ఇష్టం! కొత్త పెళ్లికూతురివా? ఒళ్లు నీది. చేతులే వాళ్లవి. ఆర్డరు నువ్వియ్యాల."

తన సహాయకుణ్ణి నలుగురిలోంచి ఆయనే ఎంచుకున్నాడట. నేనూ ఎంచుకున్నాను, తాకే ముందు చెప్పి తాకే మనిషిని. ఆరు నెలల్లో నా ఒంటి మీద పెత్తనం మళ్లీ నా చేతికొచ్చింది. ఆ హవల్దారును తలచుకుని ఇప్పటికీ రోజూ దణ్ణం పెట్టుకుంటాను.

నా భయమల్లా ఇంటి గురించే. కొనకనమిట్ల దగ్గర మా నాయన గొర్రెలు కాస్తాడు. ఒకరి మాట వినే రకం కాదు. ఫోన్లోనే అన్నీ తేల్చేశాడు.

"మీ మామ కొడుకు నీ కాడుంటాడు. ఎనక గదికి సున్నం కొట్టించినా. నువ్వు పండుకో, అన్నీ మేం చూసుకుంటాం."

"నాయనా, నాకు ఎవరు సాయం చెయ్యాల్నో, ఎట్ల చెయ్యాల్నో నేను చెప్తా."

ఫోన్ పెట్టేశాడు. తొమ్మిది రోజులు మళ్లీ మాట్లాడలేదు.

పదో రోజు రైల్లో ఇంటికొచ్చాను. మార్కాపురం రోడ్డు స్టేషన్. ఉదయం ఆరు నలభై. రైలు ఆగేది రెండు నిమిషాలు. బోగీ తలుపు దగ్గర చక్రాల కుర్చీలో ఉన్నాను. మామలిద్దరూ ఎగబడి వచ్చి ఒకరు చెయ్యి, ఒకరు కాలు పట్టి లాగారు. "ఆగండి" అన్నాను. ఎవరూ ఆగలేదు. ఇక బతుకంతా ఇంతేననుకున్నాను.

"చేతులు తియ్యండిరా! వాణ్ణి చెప్పనియ్యండి!"

అరిచింది నాయన. మామలు వెనక్కి తగ్గారు. ఆయన ముందుకొచ్చి రెండు చేతులూ చాచాడు. నన్ను తాకలేదు.

"యాడ పట్టుకోవాల, అబ్బయ్యా?"

ఆ చేతులకేసే చూస్తూ ఉండిపోయాను. రైలు కూత వేసింది. జనం తొందరపెడుతున్నారు. నాయన మాత్రం కదల్లేదు. చివరికి చెప్పాను, చంకల కింద ఒకరు, మోకాళ్ల కింద ఒకరు అని. అట్లాగే దించారు.

ఇప్పుడు నా సాయానికి నేను కోరుకున్న మనిషే వస్తున్నాడు. స్నానం పదింటికి, వేన్నీళ్లతో. లోయ కూడా ఈమధ్య కలలోకి రావడం లేదు. మా నాయన చేతులు మాత్రం ఎప్పుడూ కళ్ల ముందే ఉంటాయి, నా మాట కోసం అట్లా చాచి.