తెలుగు కావాలని అడుగు

ఈ ఉదయం షార్జా ఊరి చివర సజ్జా వెళ్లే బస్సులో పక్క సీటు ఆవిడ లవంగం నములుతోంది. ఆ వాసనకి మార్తమ్మగారు గుర్తొచ్చారు. షార్జాలోని మా సంఘంలో పాస్టరుగారు ఇంగ్లీషులో ఒక మాట చెప్పి ఆగితే, మార్తమ్మగారు దాన్ని తెలుగులో చెప్పి ఆగేవారు. ఏమీ కలిపేవారు కాదు, ఏమీ వదిలేవారు కాదు. గొంతు కోసం బుగ్గన ఎప్పుడూ లవంగం ఉండేది.

కరోనా తగ్గుతున్న రోజుల్లో, నేను ఇంటిపని చేసే చోట జ్వరం వచ్చి, మేడమ్‌కి చెప్పే క్లినిక్కి వెళ్లాను. తిరిగొస్తే తలుపు తియ్యలేదు. పారిపోయానని కేసు పెట్టారు. అది నిలిస్తే నన్ను ఇండియా పంపేస్తారు, మళ్లీ రానివ్వరు. మార్తమ్మగారు తన గదిలో చోటిచ్చారు. విచారణ ఫోన్లో, వీడియో మీద. ముందురోజు ఆమె నా ఎదురుగా కూర్చుని, "నేను జడ్జిని. చెప్పు" అన్నారు.

"స్తోత్రం. నేను పాపిని, తప్పంతా నాదే..." అని అలవాటుగా మొదలుపెట్టాను.

"ఆగు. ఇది సంఘంలో చెప్పే సాక్ష్యం కాదు. అక్కడ తప్పు నాదంటే ప్రభువు క్షమిస్తాడు. ఇక్కడ రాసుకుంటారు."

"నేను నీతిమంతురాలినని ఎలా చెప్పనండి?"

"నీ నీతి ఎవరికి కావాలే? మేడమ్‌కి చెప్పి వెళ్లావా, లేదా?"

"చెప్పే వెళ్లానండి."

"అంతే చెప్పు."

"నాకొచ్చిన హిందీలో చెప్పేస్తాను."

"నీ హిందీ కూరగాయల బేరానికి చాలు. తెలుగు కావాలని అడుగు."

అడిగాను. నా మాట అరబ్బీలో చెప్పే తెలుగు మనిషి దొరకలేదని విచారణ వారం వాయిదా వేశారు. ఆ వారమంతా ఉపవాసమున్నాను. అడిగి వాళ్లని విసిగించానేమో, నోరు మూసుకుని ఉంటే పోయేదేమో అని ప్రార్థనలో కూడా భయమే.

వారానికి తెలుగాయన వచ్చాడు. ఇల్లు ఎందుకు వదిలావని అడిగారు. "తప్పు" అనే మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. ఫోను వెనక కూర్చున్న మార్తమ్మగారు నోరు విప్పకూడదు. లవంగం వాసన మాత్రం వస్తోంది. ఊపిరి తీసుకున్నాను.

"జ్వరమని మేడమ్‌కి చెప్పి క్లినిక్కి వెళ్లానండి. తిరిగొస్తే తలుపు తియ్యలేదు."

చెప్పి ఆగాను. ఆయన అరబ్బీలో చెప్పి ఆగాడు. క్లినిక్ చీటీ చూపించమన్నారు, చూపించాను. కొన్నాళ్లకి ఆ కేసు కొట్టేశారు.

మరుసటి ఏడాది మార్తమ్మగారు ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. సంఘంలో నేను ఇప్పటికీ పాపినని చెప్పుకుంటాను, అది నిజం గనక. కానీ రేపు విచారణ ఉన్న ఒక చెల్లెలు సజ్జాలో నా కోసం ఎదురుచూస్తోంది. ఎదురుగా కూర్చోగానే, "తప్పు నాదే అక్కా" అని మొదలుపెడుతుంది.

ఆగు, అంటాను.