మూత తీయని గిన్నె

మొన్న నరసరావుపేటలో ఒక పెళ్ళికి వెళ్ళాను. కల్యాణమండపం వెనక పెద్ద గుండిగలో ఉల్లిపాయలు ఎర్రబడుతున్న వాసనా, అడుగంటకుండా ఇనప తెడ్డుతో గీకుతున్న చప్పుడూ కలిసి వచ్చాయి. అదే సమయానికి పక్క కుర్చీలో ఎవరిదో పాప దగ్గింది. ఉలిక్కిపడి తిరిగి చూశాను. నా కూతురికి నలభై దాటాయి, ఆ పెళ్ళికి తను రానే లేదు. అయినా ఆ వాసన తగిలితే నా చెవి పిల్లల ఊపిరి వైపే పోతుంది, దాని వెంటే మస్తాన్ మామ గుర్తొస్తాడు. ఆయన్ని మీరెవరూ ఎరగరు. ఎనభైల్లో మాచర్ల చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు వండిన మనిషి. ఆయనకు నేను చేసిన అన్యాయం గురించి ఇన్నాళ్ళూ ఎక్కడా రాయలేదు.

అప్పుడు నేను మాచర్లలో ఒక నాపరాళ్ళ క్వారీ ఆఫీసులో గుమస్తాను. మా ఎదురిల్లే మామది. మా ఆవిడ సుశీల ఆయన్ని బాబాయ్ అనేది. ఆ వరసన నాకు మామ, మా పాప శాంతికి తాత. మూడో ఏట శాంతి వేరుశనగ ఉండ కొరికితే పెదాలు వాచి, ఒళ్ళంతా దద్దుర్లు లేచి, ఊపిరి ఈలలా వచ్చింది. "ఈ పిల్లకు వేరుశనగ పడదు. ఇంకోసారి తింటే ఇంతకంటే ఎక్కువవుతుంది," అన్నాడు డాక్టరు. వేరుశనగ లేని చోటు మా వైపు ఎక్కడుంది? ఇంటింటా నూనె అదే, హోటల్లో చట్నీ అదే, బస్సులో పక్కవాడు ఒలుచుకు తినేదీ అదే. సుశీల గానుగ నూనె మానేసి రేషన్ పామాయిల్‌తో వండటం మొదలుపెట్టింది. బడినుంచి రాగానే పాప చేతులు వాసన చూసేది. సెలవు రోజు మధ్యాహ్నం పాప నిద్రపోతే, పని ఆపి పక్కన కూర్చుని ఊపిరి వినేది. చుట్టాలు నవ్వేవాళ్ళు. "శనక్కాయలు పడకపోవటమేందే? మేం మట్టి తిని పెరగలా?" అనేది మా అక్క. సుశీల తరఫున నేను ఒక్క మాట మాట్లాడేవాణ్ణి కాదు. నిజం చెప్పాలంటే నాక్కూడా అదంతా అతి అనిపించేది. భయమంతా ఆమెకు వదిలేసి ఆఫీసుకు పోయేవాణ్ణి.

నవ్వనివాడు మామ ఒక్కడే. కూర చిక్కబడటానికి ఏం వేస్తారో వంటవాళ్ళు బయటికి చెప్పరు, అడిగితే చిన్నబుచ్చుకుంటారు. అలాంటిది, సుశీల అడిగితే మామ అన్నీ దాచకుండా చెప్పేవాడు. ఆయన వండే ఫంక్షన్‌కు మేము వెళ్తున్నామంటే, పాప వాటా ముందే ఒక చిన్న ఇత్తడి గిన్నెలోకి తీసి, మూతపెట్టి, పొయ్యికి కాస్త ఎడంగా ఇటుకల మీద ఉంచేవాడు. సుశీల వెళ్ళి అడిగితే తన చేత్తో ఇచ్చేవాడు. రంజాన్ నాడు కూడా పాపకు వండిన తర్వాతే మిగతా వంట. అలా ఒకసారి మోచేతుల దాకా సబ్బుతో రుద్ది కడుక్కుంటుంటే నేను వేళాకోళం చేశాను.

"ఏంది మామా, మడి కట్టుకున్నావా?"

"నవ్వు అల్లుడూ, నవ్వు. ఐదొందల మందికి వండాలన్నా నాకు భయం లేదు. ఈ గిన్నెడు కూర వండాలంటే చేతులు వణుకుతయ్," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మా అమ్మాయి ఒక్కతే ఎంతకాలం మోస్తదిరా ఈ భయం? సగం నువ్వు తీసుకో," అన్నాడు. నేను దాన్ని కూడా నవ్వులో కలిపేశాను.

శాంతికి ఐదేళ్ళప్పుడు మా యజమాని కూతురికి ఓణీల ఫంక్షన్ చేశారు. వంట మామదే. "కూరలో జీడిపప్పు తప్ప ఇంకోటి పడటానికి వీల్లేదు," అని యజమాని వారం నుంచీ అందరితో చెప్పుకుంటున్నాడు. ఆ పొద్దున సుశీలకు జ్వరం. నన్ను గుమ్మం దగ్గర ఆపింది.

"నేరుగా పొయ్యి దగ్గరికి పో. బాబాయిని అడిగి, ఆయన ఇచ్చిందే పెట్టు. అడక్కుండా ఒక్క ముద్ద కూడా పెట్టొద్దు."

"చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్తావేందే," అని విసుక్కున్నాను.

షామియానాలో అడుగుపెట్టగానే యజమాని ఎదురొచ్చి నా భుజం మీద చెయ్యేశాడు. "రావయ్యా, మొదటి బంతిలో కూర్చో," అని తనే కూర్చోబెట్టాడు. తనే బకెట్టు అందుకుని పాప ఆకులో మాంసం కూర వడ్డించాడు. పొయ్యి కనపడేంత దూరంలోనే ఉంది. కాని ఆకు ముందు నుంచి లేవాలి. యజమాని స్వయంగా వడ్డించిన కూరలో ఏముందో వంటవాణ్ణి అడగటానికి అందరి ముందూ నడిచిపోవాలి. నేను లేవలేదు. జీడిపప్పేగా అని సర్దిచెప్పుకుని, ముద్ద కలిపి పాప నోటి దగ్గర పెట్టాను.

శాంతి నోరు తెరవలేదు. "నాన్నా, తాతను అడిగావా?" అంది.

"అడిగాలే, తిను," అన్నాను.

మూడో ముద్దకు, "గొంతులో ముళ్ళు గుచ్చుకుంటున్నాయి నాన్నా," అంది. చూస్తుండగానే పెదాలు వాచాయి. గొంతు బొంగురుపోయి, ఆ పాత ఈల మొదలైంది. "ఎముక ఇరుక్కుంది, ఉత్త అన్నం ముద్ద మింగించండి," అన్నారొకరు. "దిష్టి తగిలిందయ్యా," అన్నారింకొకరు. అప్పుడు పొయ్యి దగ్గర్నుంచి మామ పరిగెత్తుకొచ్చాడు. పాప మొహం చూశాడు, ఆకు చూశాడు.

"ఎముకా లేదు ఏమీ లేదు, ముద్ద పెట్టొద్దు! కూరలో శనక్కాయ గుళ్ళున్నయ్. జనం ఎక్కువయ్యారు, జీడిపప్పు చాల్లా. నేనే నూరి ఏశా!" అని షామియానా అంతా వినపడేట్టు అరిచాడు.

ఆ ఒక్క మాటతో ఇరవై ఏళ్ళ పేరు పోతుందని ఆయనకు తెలుసు. యజమాని మొహం మాడిపోయింది. మామ పాపను ఎత్తుకుని వెనక నిలబెట్టిన యజమాని జీపు వైపు పరిగెత్తాడు. వెనకాల నేను. పొయ్యి పక్కనుంచి పోతుంటే ఇటుకల మీద చిన్న ఇత్తడి గిన్నె కనపడింది. మూత పెట్టే ఉంది.

"ఏం తింది?" అన్నది ఆసుపత్రిలో డాక్టరు మొదటి ప్రశ్న. మామ చెప్పాడు. వెంటనే ఇంజెక్షన్లు చేశారు. ఎముక కోసం వెతుకుతూ కూర్చుని ఉంటే పిల్ల దక్కేది కాదని తర్వాత అన్నాడు డాక్టరు. గంటకు పైగా మామా, నేనూ మంచానికి చెరో పక్కా నిలబడ్డాం. ఆయన పెదాలు మెల్లగా కదులుతున్నాయి, ప్రార్థన కాబోలు. నేను పాప గుండెలు లేవటం, పడటం చూస్తూ ఉండిపోయాను. సుశీల ఎన్ని మధ్యాహ్నాలు ఇలా కూర్చుందో అప్పుడు తెలిసింది.

ఈల తగ్గాక వరండాలోకి వచ్చాం. యజమాని మనుషులు మామను చుట్టుముట్టారు. "జీడిపప్పు ఇంటికి పంపి శనక్కాయలు నూరావంట్రా?" అన్నాడొకడు. యజమాని నా వైపు తిరిగి, "పిల్లకు పడదని ఇతనికి ముందే చెప్పలేదా నువ్వు?" అన్నాడు. మామ నన్ను చూశాడు. గిన్నె సంగతి ఆయన ఒక్క మాట చెబితే చాలు. నేను తల దించుకున్నాను.

"నాకు తెలుసయ్యా, పాపకు పడదని. తప్పు నాదే," అన్నాడు మామ.

ఆ పెళ్ళిళ్ళ కాలమంతా ఆయన్ని ఎవరూ పిలవలేదు. నూజెండ్ల వైపు ఎవరో వంటవాడి దగ్గర ఉల్లిపాయలు తరగటానికి పోయాడు. తిరిగొచ్చినప్పుడు సుశీల ఉండబట్టలేక, "మా ఆయన నిన్ను అడగలా బాబాయ్?" అందట. "ఆ హడావుడిలో అడిగే ఉంటాడమ్మా, నాకే ఇనపడలా," అన్నాడట. ఆమె వచ్చి ఆ మాట చెప్పాక ఇక దాచలేకపోయాను. జరిగిందంతా చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు, లేచి వెళ్ళి నిద్రపోతున్న పాప పక్కన కూర్చుంది. మర్నాడు ఆఫీసులో డ్రైవర్లు ఉండగానే యజమానికీ చెప్పాను. "నాలుగు నెలలకా చెప్పేది?" అన్నాడాయన. మామను మళ్ళీ వంటకు పిలిపించాడు గాని, పోయిన పేరు పూర్తిగా తిరిగి రాలేదు. నింద పడినప్పుడు ఊరంతా ఉంది. నేను ఒప్పుకున్నప్పుడు ఇద్దరు డ్రైవర్లున్నారు.

మామ ఇంటికి వెళ్ళి అంతా చెబితే, కత్తి నూరుకుంటూ విన్నాడు. "చెప్పావా? మంచిది. పాపకు చెప్పావా?" అన్నాడు.

"చిన్నపిల్ల మామా, దానికేం గుర్తుంటది?"

"నువ్వు అబద్ధం చెప్పింది దానికిరా, నాక్కాదు."

ఆ సాయంత్రం శాంతిని అరుగు మీద పక్కన కూర్చోబెట్టుకున్నాను. "ఆ రోజు నేను తాతను అడగలేదమ్మా. అడిగానని అబద్ధం చెప్పాను," అన్నాను.

"నాకు తెలుసు నాన్నా. నువ్వు లేవలేదుగా," అంది.

"మరెందుకు తిన్నావమ్మా?"

"నువ్వు తినమన్నావుగా."

మామ పోయి చాలా ఏళ్ళయింది. ఆయన్ని చూసి, ఎంతమంది ఉన్నా ఆకు ముందు నుంచి లేచి, పొయ్యి దాకా నడిచి గట్టిగా అడగటం నేర్చుకున్నాను. సగం భయం తీసుకోమన్నాడు, ఆలస్యంగానే అయినా తీసుకున్నాను. శాంతి ఎప్పుడూ ఆ రోజు గురించి ఎత్తదు. కాని నేను చెబుతున్నది అబద్ధమని తెలిసి కూడా ఐదేళ్ళ పిల్ల నోరు తెరిచింది. ఆ ముద్ద ఇంకా నా చేతిలోనే ఉంది.