రాయి దొరికింది మా అత్తమ్మకు

మా మేనత్త పోయిందని పోయిన నెల గౌడవెల్లి నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. పొద్దున చాయ్ తాగి, గడప దగ్గర కూర్చున్న మనిషి అట్లాగే ఒరిగిపోయిందట. దినాల నాడు పెద్దలందరూ నాకు ఒకటే మాట చెప్పారు, పోయినామెతోపాటు ఆ పాత పగ కూడా పోనియ్యమని. నేను పోనివ్వను. అందుకే ఇది రాస్తున్నాను.

అత్తమ్మకు పిల్లలు లేరు. మామయ్య చిన్న వయసులోనే పోతే, పుట్టింటివాళ్లు ఇచ్చిన రెండెకరాలు తనే చేసుకుని బతికింది. తొంభైల మొదట్లో ఒక ఎండాకాలం, బావి దగ్గర మడి చదును చేస్తుంటే ఆమె పారకు రాయి తగిలింది. మన్ను తీసి కడిగితే, అడవిపందిని బల్లెంతో పొడుస్తున్న వీరుడి బొమ్మ. మూడు రోజులు పసుపు పెట్టి మొక్కింది. నాలుగో రోజు ఊరి పటేల్ వచ్చాడు.

"ఇసొంటివి ఇంట్ల ఉంచుకోవద్దు. పట్నంల మ్యూజియంల పెట్టిస్త. నీ పేరే రాయిస్త," అని చెప్పి ట్రాక్టర్ మీద ఎక్కించుకుపోయాడు.

మరుసటి ఎండాకాలం సెలవుల్లో అత్తమ్మ నన్నూ తమ్ముడినీ, చిన్నత్త పిల్లలిద్దరినీ వెంటేసుకుని మేడ్చల్‌లో బస్సెక్కింది. జొన్నరొట్టెలు, మామిడికాయ తొక్కు మూటగట్టింది. మ్యూజియంలో అడుగుపెట్టగానే చెప్పులు విప్పి సంచిలో వేసుకుంది. మాతోనూ విప్పించింది. "ఇంతమంది దేవుండ్లున్నరు, చెప్పులేసుకొని తిరుగుతరా?" అంది. మేం కత్తుల దగ్గర, పింగాణీ గిన్నెల దగ్గర ఆగిపోతుంటే ఆమె గది తర్వాత గది దాటుకుంటూ పోయింది. చివరికి రాయి, దాని పక్కన బోర్డు కనబడ్డాయి. ఆమెకు చదువు రాదు. నేను ఐదో తరగతి అయిపోయినదాన్ని.

"సదువు బిడ్డా," అంది.

గౌడవెల్లిలో తన పొలంలో దొరికిన శిలను బహూకరించినవారు అని రాసి, కింద పటేల్ పేరు ఉంది.

"మల్ల సదువు."

మూడుసార్లు చదివించింది. తర్వాత బొమ్మ కాళ్ల దగ్గర దుమ్మును కొంగుతో తుడవబోతే కాపలా మనిషి ముట్టొద్దన్నాడు. "నేను కడిగిన రాయిని నేనే ముట్టొద్దట," అంది మా వైపు చూసి. బయట నీడలో మాకు రొట్టెలు పెట్టింది, తను తినలేదు.

మ్యూజియం ఆఫీసులో అడిగితే అర్జీ ఇమ్మన్నారు. నేనే రాశాను. జవాబు రాలేదు. పటేల్‌ని అడిగితే, "నీ పేరుంటే నీకేమొస్తది?" అని నవ్వాడట.

ఊళ్లో మిగతా పిల్లలు సెలవులొస్తే శామీర్‌పేట చెరువుకు పోయేవాళ్లు. మేం మాత్రం ఏటా రాయి దగ్గరికి పోయేవాళ్లం. అత్తమ్మ దాని పక్కన నిలబడి, వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేది. "బోర్డు మీద రాసింది అబద్దం. గీ రాయి నాకు దొరికింది." కొందరు నవ్వేవాళ్లు, కొందరు పక్కకు జరిగిపోయేవాళ్లు. మేం తలలు దించుకుంటే, "మీరెందుకు సిగ్గుపడుతరు? సిగ్గుపడేటోడు వేరే ఉన్నడు," అనేది.

నేను ఇంటర్‌లో ఉన్న ఏడు, పటేల్ తన మనవళ్లకూ మనవరాలికీ రాయి చూపించబోతున్నాడని వాళ్ల డ్రైవర్ నోట విన్నది అత్తమ్మ. "జల్దీ తయారుగాండ్రి," అంది. వాళ్లకంటే ముందే పోయి ఆ గదిలో ఓ మూల కూర్చున్నాం. పటేల్ వచ్చాడు. మమ్మల్ని చూడలేదు.

"నేను పొలం దున్నుతుంటే నాగలికి తగిలింది," అని పిల్లలకు చెప్తున్నాడు.

అత్తమ్మ గొంతు పెంచలేదు. "నాగలి ఏ చేత్తోని పట్టినవ్ పటేలా?"

ఆయన వెనక్కి తిరిగాడు.

"బాయికాడ దొరికిందా, గట్టుకాడ దొరికిందా? బొమ్మ పైకుండెనా, బోర్ల ఉండెనా? చెప్పు, పోరగాండ్లు వింటరు."

ఎనిమిదేళ్ల మనవరాలు "చెప్పు తాతా" అని చెయ్యి గుంజింది. ఆయన ఆ పిల్లను విదిలించుకుని బయటికి నడిచాడు. పిల్ల ఏడ్చింది.

ఆ రోజు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు చల్లబడుతుంది. అత్తమ్మ మాత్రం బస్సులో, "ఆ పిల్లేం జేసింది పాపం," అంది ఒకసారి. పేట్ బషీరాబాద్ దాటాక మళ్లీ తనే అంది: "మనుమరాలి ముందట ఇజ్జత్ పోయింది. బోర్డు మీద ఇంక పోలే. వచ్చే ఏడు మల్ల వద్దాం."

తర్వాత కొన్నేళ్లకు పటేల్ పోయాడు. ఊరంతా కదిలింది. అత్తమ్మ కదలలేదు, ఆ పొద్దంతా మిరపనారు నాటింది. మోకాళ్లు సహకరించినంతకాలం మ్యూజియానికి పోతూనే ఉంది. పదిమందిలో సిగ్గుపడకుండా నిజం చెప్పడం నాకు నేర్పింది ఆమే. బళ్లో ఎవరూ నేర్పలేదు.

దినాలైన మర్నాడు నా పిల్లలిద్దరినీ తీసుకుని అక్కడికి పోయాను. బోర్డు మారలేదు. పన్నెండేళ్ల అమ్మాయి ఒకతి సెలవుల హోంవర్క్ అట, బోర్డుల మీదవి నోట్‌బుక్‌లో ఎక్కించుకుంటోంది. తల్లీకూతుళ్లకు రాయి సంగతంతా చెప్పాను. "అలాగా అండీ, పాపం," అని వాళ్లమ్మ ముందుకు కదిలింది. అమ్మాయి కదల్లేదు.

"ఆవిడ పేరేంటి ఆంటీ?"

చెప్పాను. నోట్‌బుక్‌లో పటేల్ పేరు మీద అడ్డంగా గీత కొట్టి, పైన మా అత్తమ్మ పేరు రాసింది. గీత కింద ఆ పేరు ఇంకా కనబడుతూనే ఉంది.

"ఇంకోసారి కొట్టమ్మా," అన్నాను.

ఆ పిల్ల పెన్ను గట్టిగా అదిమి, కాగితం చిరుగుతుందేమో అన్నంతగా, ఒక్క అక్షరం కూడా కనబడకుండా నల్లగా రుద్దింది.